అమెరికా పక్క కుర్చీ

హైదరాబాదులోని బార్కస్ మనకు ఎంతో దూరం లేదు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకొచ్చిన అరబ్బుల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. కాబట్టి హైదరాబాదులో యెమెన్ ఊసెత్తితే మరీ పరాయి ముచ్చటేం కాదు. అబ్దుల్లా అల్-అష్తల్ పేరు మాత్రం మనలో చాలామంది విని ఉండరు.

1973లో దక్షిణ యెమెన్ ఆయన్ని ఐక్యరాజ్యసమితికి రాయబారిగా పంపింది. ఏడెన్ రాజధానిగా ఉన్న ఆ దేశం అరబ్బు ప్రపంచంలో ఒకే ఒక్క మార్క్సిస్టు రాజ్యం. అమెరికాతో సంబంధాలు 1969లోనే తెగిపోయాయి. ఉగ్రవాదాన్ని పోషించే దేశాలంటూ 1979లో అమెరికా వేసిన తొలి జాబితాలో దాని పేరూ ఉంది. అలాంటి దేశం తరఫున న్యూయార్కులో ఉండి, నలుగురూ తన మాట వినేలా చేసుకోవాలి. అది అష్తల్ ఉద్యోగం.

1990 మే 22న రెండు యెమెన్లూ కలిసిపోయాయి. జీతమిచ్చే కంపెనీ మూతబడ్డా ఉద్యోగం పోనివాళ్లు ఎంతమంది ఉంటారు? అష్తల్ ఉన్నారు. 1994లో దక్షిణాది నాయకులు మళ్లీ విడిపోతామని యుద్ధానికి దిగినప్పుడూ ఆయన ఐక్య యెమెన్ రాజధాని సనా ప్రతినిధిగానే ఉన్నారు. 2002 దాకా ఆ పదవిలోనే.

ఇక్కడ చిన్న తమాషా చెప్పాలి. భద్రతామండలిలో కుర్చీలు వేసేది, నెలకొకరికి అధ్యక్షత దక్కేది ఇంగ్లీషు అక్షరక్రమంలోనే. దక్షిణ యెమెన్ అప్పట్లో డెమొక్రటిక్ యెమెన్ కనక ‘డి’ వరసలో 1990 మార్చిలోనే అష్తల్‌కు అధ్యక్షత వచ్చింది. విలీనం తర్వాత దేశం పేరు ఉత్త యెమెన్ అయ్యింది, కుర్చీ ‘వై’ వరసకు జరిగింది. అంటే సరిగ్గా అమెరికా పక్కకు. అదే ఏడాది డిసెంబరులో మళ్లీ అధ్యక్షత. ఒకే మనిషి, ఒకే ఏడు, రెండు దేశాల పేర!

ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. ఖండన తీర్మానానికి పద్నాలుగు చేతులు లేచాయి. యెమెన్ ఓటింగులోనే పాల్గొనలేదు. సనా నుంచి ఆదేశం అందలేదు మరి. రాయబారికి చెయ్యి ఉంటుంది గానీ, దాన్ని ఎత్తమనేది ఇంకెవరో.

నవంబరు 29న బలప్రయోగానికి అనుమతిచ్చే 678వ తీర్మానం వచ్చింది. అధ్యక్షస్థానంలో అమెరికా విదేశాంగమంత్రి జేమ్స్ బేకర్. వారం కిందటే ఆయన సనా వెళ్లి అధ్యక్షుడు సాలెహ్‌ను కలిసి వచ్చారు, పని కాలేదు. అనుకూలంగా పన్నెండు చేతులు. చైనా తటస్థం. వ్యతిరేకులెవరని అడిగితే లేచినవి రెండే: ఒకటి క్యూబాది, ఇంకొకటి పక్క కుర్చీలోది. తెల్లవారితే ఏడెన్ బ్రిటిషువారి నుంచి విముక్తమై ఇరవైమూడేళ్లు.

ఇంత ఖరీదైన ‘కాదు’ మీరెప్పుడూ చెప్పి ఉండరని అమెరికన్ దౌత్యవేత్త ఒకరు అన్న మాట మైకులో పడిందని చెబుతారు. సుమారు ఏడు కోట్ల డాలర్ల అమెరికా సాయం నిజంగానే ఆగిపోయింది. లక్షల మంది యెమెనీలు సౌదీ నుంచి వెనక్కి రావడాన్ని కూడా ఈ ఓటు లెక్కలోనే రాస్తుంటారు. నాకది సరి అనిపించదు. కఫీల్ (స్థానిక పూచీదారు) లేకుండా యెమెనీలు పనిచేసుకునే వెసులుబాటును సౌదీ సెప్టెంబరులోనే తీసేసింది. గల్ఫ్‌కు పోయొచ్చినవాళ్లకు కఫీల్ అంటే ఏమిటో నేను విడమరచి చెప్పక్కర్లేదు. యెమెన్ తిరిగొచ్చి హొదైదా శివార్లలో గుడిసెలు వేసుకున్నవాళ్లు అష్తల్ చెయ్యి లేవకముందే రోడ్డున పడ్డారు. ఆ నేరం ఆయన మీద వేయలేం.

నవంబరు గడిచింది. అధ్యక్షత పక్క కుర్చీకి వచ్చింది. పాలస్తీనియన్ల రక్షణ గురించిన 681వ తీర్మానం ఎన్నోసార్లు వాయిదా పడి, చివరికి డిసెంబరు 20న అష్తల్ అధ్యక్షతలో ఓటుకొచ్చింది. పదిహేను చేతులూ లేచాయి. వాటిలో అమెరికా చెయ్యీ ఉంది.