తరగతిగదిలో తూకము



పరీక్ష యను మాట చెవిని బడినంతనే మనలో చాలమందికి నేటికిని అఱచేతులు చెమర్చును. కాని నేను నేడు చెప్పదలచినది వార్షిక పరీక్షలను గూర్చి గాదు. పాఠము నడుచుచుండగనే పిల్లవానికి ఏమి వచ్చినదో, ఏమి రాలేదో ఉపాధ్యాయుడు ఎట్లు తెలిసికొనగలడను విషయమును గూర్చి. ఇందు నేను చేసిన పొరపాటొకటి గలదు, దానితోనే మొదలిడెదను.

2016 అక్టోబరు 11వ తేదీన వరంగల్లు జిల్లా విభజింపబడినప్పుడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వేఱువేఱు జిల్లాలైనవి. నా యుద్యోగ కాలమంతయు ఆ నేలమీదనే గడచినది. జనగామవైపు చెఱువులు, మెట్టపొలములు. మహబూబాబాదున లంబాడీ తండాలు, మిరపతోటలు. భూపాలపల్లిలో ఒక ప్రక్క సింగరేణి బొగ్గుగనులు, మఱియొక ప్రక్క గోదావరి అడవులు. మూడుచోట్లను పాఠ్యపుస్తక మొక్కటే. పిల్లలు ఇంటినుండి తెచ్చుకొను మాటలు మాత్రము ఒక్కటి గావు.

మహబూబాబాదు చెంత నొక తండా బడిలో నాలుగవ తరగతికి లఘుపరీక్ష పెట్టితిని. సంచికి 40 కిలోల చొప్పున 7 సంచుల మిరపకాయలు అంగడికి బోయినవి, మొత్తము బరువెంత యని ప్రశ్న. ఒక బాలిక ఏమియు వ్రాయక కాగితము తిరిగి యిచ్చినది. ఆమెకు గుణకారము రాదని నేను దస్త్రములో వ్రాసి, రెండు వారములు ఎక్కములు మరల వల్లింపజేసితిని. ఎక్కములన్నియు ఆమె తప్పులేక అప్పగించుచుండెను. అయినను నాకు సందేహము కలుగలేదు! తుదకొక నాడు ప్రక్కన గూర్చుండబెట్టుకొని, "బిడ్డా, ఈ లెక్కల నీకేం సమజ్ కాలే?" అని యడిగితిని. చాలసేపు నేలచూపులు చూచి, "సారూ, మిరపకాయల సంచిల చొప్ప ఎందుకు?" అనెను.

చొప్ప యన మన పల్లెలలో జొన్నచొప్ప, పశువుల మేత. ఇంట గోర్‌బోలి మాటలాడు ఆ పిల్ల తెలుగున విన్నది ఆ చొప్పనే గాని, లెక్కల పుస్తకములోని 'చొప్పున' యను మాటను గాదు. "ఒక్కో సంచిల నలభై కిలోలు, అసుంటియి ఏడు సంచులు" అంటిని. వ్రేళ్లు మడువకయే రెండువందల యెనుబది యని చెప్పెను. గుణకారమును కొలుచుచుంటి ననుకొని నేను ఒక తెలుగు మాటను కొలిచితిని.

దీనికి ఎదురుబొదురుగా భూపాలపల్లిలో నొకటి జరిగినది. గనికార్మికుని కుమారుడొకడు బొగ్గు ఎట్లేర్పడునో వ్రాయుమన్న ప్రశ్నకు పంక్తి తప్పక వ్రాసి, అయిదింటికి అయిదు మార్కులు పొందెను. గనినుండి తెచ్చిన రాయి యొకటి వాని యింట గలదనియు, దానిమీద ఆకు ముద్ర యున్నదనియు మాటలసందున తెలిసినది. అట్టి శిలాజములు గోదావరి లోయ బొగ్గుపొరలలో దొరకునవే. "రాతిమీదికి ఆకెట్ల వచ్చెరా?" అంటిని. వాడు తెల్లబోయెను. తాను వ్రాసిన జవాబునకును, ఇంట కిటికీలో నున్న రాతికిని సంబంధము గలదని వానికి తట్టనేలేదు. మార్కులు చూచిన, వాడు ప్రథముడు; ఆ బాలిక సున్న.

ఈ సంకటము క్రొత్తది గాదు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ అచ్చటి తెలుగు, కన్నడ వీధిబడులను గూర్చి నివేదిక వ్రాయుచు, పిల్లలు వందలాది పద్యములు అర్థము తెలియకయే చిలుకలవలె అప్పగించుచుండిరని చెప్పెను. అయితే పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించు ఆ బడుల పద్ధతిని ఆయనయే మెచ్చుకొనెను. దానిని నేను తండా బడిలో మరల పట్టితిని: అయిదవ తరగతి పిల్లచేత ప్రశ్నను గోర్‌బోలిలో అడిగించి, జవాబు నేను వినుట. ఒక్క నెలలో నా దస్త్రము సగము తప్పని తేలినది.

చట్టమును మనకు అడ్డురాలేదు. 2010 ఏప్రిలు 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టము 29వ సెక్షనున నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధించినది. తెలంగాణమున 2014–15లో పదవ తరగతికి 80 మార్కులు వ్రాతపరీక్షకును, 20 మార్కులు బడిలోపలి మూల్యాంకనమునకును ఏర్పడెను. ఆ 20 నాలుగు అయిదులు: పిల్లల భాగస్వామ్యము, వ్రాతపని, ప్రాజెక్టు పని, లఘుపరీక్ష. ఆలోచన మంచిది. ఆచరణలో ప్రాజెక్టు పని దుకాణములో కొన్న బొమ్మలు అట్టమీద నంటించుట యాయెను. వ్రాతపని గైడు చూచి యెక్కించుట యాయెను. అన్నిటికంటె విలువైనది మొదటిది, పిల్లవాడు ఏమనెనో వినుట. అది వెనుక కాగితము మిగుల్చదు గనుక అందఱికంటె ముందు అదియే చచ్చినది. తనిఖీ రేపనగా ఈ రాత్రి కూర్చుండి అంకెలు నింపినవారిలో నేనును ఒకడను. ఒక్కడే ఉపాధ్యాయుడు, అయిదు తరగతులు. ఇది సాకు గాదు, ఉన్నమాట. 2024 నవంబరులో ఆ 20 మార్కులను ఎత్తివేయుచు ఉత్తరువు వెలువడి, వెంటనే ఆ యేటికి వాయిదాపడినది. మార్కులను గూర్చి రాష్ట్రమంతట వాదము చెలరేగెను గాని, పిల్లవాని మాట వినుటను గూర్చి నేనెక్కడను వాదము వినలేదు.

జనగామ ప్రాంతమున నా సహోపాధ్యాయిని ఒకామె నోటుపుస్తకములలో మార్కులు వేయుట మానినది. "ఇక్కడ నిలువుగీత ఎందుకు గీచితివి?" వంటి వాక్య మొక్కటి వ్రాసి తిరిగి యిచ్చును. మొదట తలిదండ్రులు కోపించిరి. నేనును, ఇది బద్ధకము కాబోలు ననుకొంటిని. తరువాత 1988లో ఇజ్రాయెలు దేశమున రూత్ బట్లర్ అను పండితురాలు జరిపిన పరిశోధనను గూర్చి చదివితిని. వ్యాఖ్య మాత్రమే పొందిన పిల్లలు ముందునకు సాగిరి. మార్కులు పొందినవారును, మార్కులతోపాటు వ్యాఖ్య పొందినవారును సాగలేదు. అంకె కనబడినచో పిల్లలు వాక్యము చదువరు. పెద్దలమైన మనమును అంతే గదా!

ఆమె మఱియొక పని చేయును. పాఠము ముగిసిన వెంటనే పిల్లలచేతనే ఒక లెక్క కట్టించును. గొఱ్ఱెలమీద కట్టినవాడు, బస్సు చార్జీలమీద కట్టినవాడు, ఎవని లెక్క వానిది. భాగహారము తెలియని పిల్లవాడు భాగహారపు లెక్క కట్టజాలడు. గైడులో అది దొరకదు. ముప్పదిమంది తరగతికి పావుగంట చాలును.

నేను ఆ తండా బడినుండి బదిలీయగునాడు పాత దస్త్రము తీసి చూచితిని. ఆ బాలిక పేరునకెదురుగా 'గుణకారము రాదు' అని నా దస్తూరిలోనే యున్నది. దానిని కొట్టివేసి, ప్రక్కన 'చొప్పున అను మాట రాదు, నేను చెప్పలేదు' అని వ్రాసి, తేదీ వేసి సంతకము చేసితిని.