ఉద్యోగాయాసము - దేహారోగ్యము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సభయందు విద్యావిషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ముప్పదినాలుగు సంవత్సరములు బడిలో తెలుగును, సంస్కృతమును చెప్పినవాడను గావున ఆ విషయమున నాలుగు మాటలు చెప్పుట నాకు కష్టము గాదు. కాని నిరుటి సభలో మన బాలబాలికలు వేదిక నెక్కి బహుమానము లందుకొనుచుండగా చూచినప్పుడు నాకొక యాలోచన కలిగినది. మనము వీరిని ఉద్యోగద్వారము వరకు చేయిపట్టి నడిపించుచున్నాము. ఆ గడప దాటిన పిమ్మట వీరి శరీరముల కేమగుచున్నదో, మనస్సుల కేమగుచున్నదో విచారించువారము మనలో నొక్కరమును లేము. కావున కార్యదర్శిగారి యనుమతిని బడసి విషయమును మార్చుకొంటిని. ఉద్యోగమువలన గలుగు ఆయాసమును గూర్చియు, దానివలన ఆరోగ్యము చెడకుండ కాపాడుకొను విధమును గూర్చియు మనవి చేసెదను.

దీనిని నేడందరును స్ట్రెస్ అనియే పిలుచుచున్నారు. పత్రికలవారు ఒత్తిడి యనుచున్నారు. నాకు శ్రమ యను మాటయే మనస్సున నిలిచినది. శ్రమ్ అను ధాతువునుండియే పరిశ్రమయు, ఆశ్రమమును, విశ్రాంతియు పుట్టినవి. పాటుపడుటకును, పాటునుండి విడివడుటకును ధాతువొక్కటియే. బడిలో దీనిని వ్యాకరణవిశేషముగా పిల్లలకు చెప్పి ముందునకు సాగిపోయెడివాడను. అందులో మరి యేమైన నున్నదని నాకు తోచినది చాల యాలస్యముగ.

ఎట్లనగా, నా శిష్యు డొకడు కలడు. పేరు చెప్పను. మన సంఘమువాడే. ఈ వేదికమీదనే ఒకప్పుడు బహుమానము నందుకొన్నవాడు. హైదరాబాదులో మాదాపురము వైపున నొక సాఫ్టువేరు కంపెనీలో ఆరేండ్లు పనిచేసెను. అమెరికాలో పగలైనప్పుడు వీనికి పని, అనగా మనకు రాత్రి. ఒక సంక్రాంతికి ఊరికి వచ్చి, నమస్కరించి పోవుటకు మా యింటికి వచ్చెను. కాఫీ త్రాగుచు నెమ్మదిగా నిట్లనెను: "మాస్టారూ, పగలు పడుకుందామంటే నిద్ర పట్టడం లేదండీ. ఫోను మోగకపోయినా మోగినట్టే ఉంటోంది." దానికి నేనేమంటిననగా, ఓర్చుకొనుము నాయనా, సహనము పురుషునకు భూషణము, నీ యీడున మే మెంత పని చేయలేదు, అంటిని. సంస్కృతమున రెండు హితవాక్యములు కూడ వినిపించితిని. వాడు తల యూచి, పాదములకు నమస్కరించి వెడలిపోయెను.

నాలుగు నెలల పిమ్మట వాడు ఆఫీసు మెట్లమీద కూలిపోయెనని తెలిసినది. రక్తపుపోటు విపరీతముగ పెరిగియుండెనట. ముప్పదియొకటవ యేట ఇది యేమని వైద్యులే యాశ్చర్యపడిరట. ప్రాణము దక్కినది. ఎనిమిది నెలలు ఇంటిపట్టున నుండెను. ఉద్యోగము విడువగనే కుదిరిన సంబంధము తప్పిపోయినది. ఆ పిల్లవారును మనవారే. నేను పరామర్శకు పోయినప్పుడు వాని తల్లి నన్ను నిందింపలేదు. "మీరు ఓర్చుకోమన్నారని చెప్పాడండీ" అని మాత్రము చెప్పి, మంచినీళ్లు తెచ్చుటకు లోపలికి పోయినది. నే నిక్కడ నిలిచి మాటలాడుటకు కారణము ఆ తల్లి మాటయే గాని నా పాండిత్యము గాదు.

అప్పటినుండి ఈ విషయమై దొరికినదెల్ల చదివితిని. వైద్యుడను గాను గావున తెలిసినంతవరకే చెప్పెదను.

1936వ సంవత్సరమున హాన్స్ సెల్యే యను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై పరీక్షలు చేసి యొక వింతను కనిపెట్టెను. చలి పెట్టినను, గాయపరచినను, అతిగా పరుగెత్తించినను, విషద్రవ్యము నెక్కించినను ఎలుక శరీరము లోపల నొక్కతీరుగనే మారుచుండెను. కష్టము వేరైనను దేహము దాని కిచ్చు సమాధాన మొక్కటియే. మనకును అంతే. అడవిలో పులి యెదురుపడినదనుకొనుడు. మూత్రపిండములపై టోపీలవలె నుండు రెండు చిన్న గ్రంథులనుండి అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములు రక్తములోనికి దిగును. గుండె వడిగా కొట్టుకొనును. రక్తపుపోటు హెచ్చును. రక్తమున చక్కెర చేరును. అరుగుదల మందగించును. ఇది దోషము గాదు. పరుగెత్తి ప్రాణము దక్కించుకొనుటకై ప్రకృతి చేసిన యేర్పాటు. పులి పోయిన వెనుక అన్నియు సర్దుకొనును. అయితే పై యధికారి పులి కాడు, అరగంటలో వెడలిపోడు. నెలాఖరు లెక్కలు ప్రతి నెలయు వచ్చును. దేహము ఎల్లప్పుడును పులి యెదుటనే నిలిచియుండినచో గుండెయు, రక్తనాళములును, నిద్రయు, జ్ఞాపకశక్తియు క్రమముగ చెడును.

ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంతర్జాతీయ కార్మికసంస్థయు కలిసి 2021లో నొక గణనమును ప్రకటించినవి. వారమునకు 55 గంటలుగాని అంతకు మించిగాని పనిచేయువారికి, 35 మొదలు 40 గంటలు పనిచేయువారికంటె పక్షవాతభయము నూటికి 35 పాళ్లును, గుండెనాళముల జబ్బుచే మరణించు భయము 17 పాళ్లును ఎక్కువ యని తేల్చిరి. 2016వ సంవత్సర మొక్కదానియందే అతికాలపు పనివలన 7,45,000 మంది మరణించిరని వారి యంచనా. జపానుదేశమున ఇట్టి చావునకు కరోషి యని ప్రత్యేకముగ నొక పేరే కలదు. దానిని నివారించుటకై 2014లో వారొక చట్టమును కూడ చేసికొనిరి. ఒక మరణమునకు భాషలో పేరు పుట్టినదన్న నది యెంతమంది యిండ్లలో జరిగియుండవలయునో తాము ఊహింపగలరు.

పెద్ద యుద్యోగికే పెద్ద చింత యని మన మనుకొందుము. ఇది నిజము గాదు. లండను నగరమున ప్రభుత్వోద్యోగులను 1967 మొదలు చాలకాలము పరీక్షించి చూచిరి. వైట్‌హాల్ పరిశోధన యని దానికి పేరు. గుండెజబ్బుచేత పై యధికారులకంటె అట్టడుగున నున్న బంట్రోతులు మొదలగువారు సుమారు మూడురెట్లు హెచ్చుగ మరణించిరి. పొగత్రాగుట మొదలగు అలవాట్లను లెక్కకు తీసికొన్న పిమ్మటను ఆ భేదము చాలవరకు మిగిలియే యుండెను. తరువాతి పరిశోధనలలో తేలిన కారణములలో నొకటి యేదనగా, తన పని తన చేతిలో లేకపోవుట. పని భార మొక్కటియే మనుష్యుని కూల్చదు. ఎప్పుడు లేవవలయునో, ఎప్పుడు కూర్చుండవలయునో, దేనిని ముందు చేయవలయునో తాను నిర్ణయించుకొను స్వాతంత్ర్య మించుకయు లేని పని త్వరగ కూల్చును. నా శిష్యుని కథ వినినవారి కీమాట బోధపడును.

రాత్రిపనిని గూర్చి యొక మాట. మన శరీరకణములలో దినరాత్రములను లెక్కపెట్టు గడియార మొకటి యున్నదనియు, అది యెట్లు నడచుననియు చూపిన మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమాన మిచ్చిరి. రాత్రిపని బహుశః క్యాన్సరు వ్యాధికి కారణము కావచ్చునని 2007లోను, మరల 2019లోను ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనాలయము నిర్ణయించినది. వాచిమెనులును, నర్సులును, రైలుబండ్లు నడపువారును, నా శిష్యునివంటి వారును లేకున్న లోకము నడవదు. కాని రాత్రి మేలుకొన్నవాడు పగలు నిద్రించునప్పుడు ఇంటిలో టీవీ పెట్టుట, చుట్టములు వచ్చినారని లేపుట మనము మానవచ్చును గదా.

ఇక మన ప్రాచీనులు. చరకసంహిత సూత్రస్థానమున ఆపరాని వేగములను పదుమూడింటిని చెప్పిరి. మలమూత్రములు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పి, కన్నీరు, నిద్ర, శ్రమవలన వచ్చు ఉచ్ఛ్వాసము మొదలైనవి. వీనిని బలవంతముగ ఆపినచో రోగములు పుట్టునని వారి మతము. ఆపదగిన వేగములు వేరుగ చెప్పిరి. లోభము, శోకము, భయము, క్రోధము, ఈర్ష్య మున్నగునవి. ఆ పట్టికను ముందుంచుకొని మన యాఫీసులను చూడుడు. నిద్రను ఆపుచున్నాము. భోజనవేళను దాటించుచున్నాము. దుకాణములలో, బస్సులలో, పల్లెబడులలో పనిచేయు స్త్రీలు మరుగుదొడ్డి లేక ఉదయమునుండి నీరు త్రాగుటయే మానుచున్నారని నాకు స్వయముగ తెలియును. నాతో పనిచేసిన పంతులమ్మగా రొకరు ఆ కారణముననే మూత్రవ్యాధి తెచ్చుకొనిరి. పురుషుడు కన్నీరు పెట్టుకొనరాదని బాల్యమునుండి నేర్పుచున్నాము. క్రోధమును మాత్రము పై యధికారి క్రిందివానిపైకి, వాడు తన యింటిపైకి ధారాళముగ విడుచుచున్నారు. ఆపవలసినవానిని విడిచి, విడువవలసినవానిని ఆపుటకే మన మలవాటుపడితిమి.

ఉపాయము లేమనగా, అవి మీ కందరికిని తెలిసినవే. నిద్రకు వేళ యేర్పరచుకొనుట, ఫోనును పడకగది వెలుపల నుంచుట, సాయంకాలము దాటిన పిమ్మట కాఫీ మానుట, వారమునకు 150 నిమిషములకు తగ్గకుండ వడిగా నడచుట. వ్యాయామము తన బలములో సగముమేరకే చేయవలెనని మన వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. నలువదియేండ్లు కుర్చీలో గడపి, ఒకనాడు జిమ్మునకు పోయి బరువులెత్తబోవువారు ఆ మాటను గుర్తుంచుకొనవలెను. సాయంకాలపు మద్యము ఆయాసమును తీర్చదు, నిద్రను చెరచును. ప్రాణాయామము మంచిదే, నేనును చేయుదును. కాని దినమునకు పదునాలుగు గంటలు పని చేయించి, శనివారమునాడు పావుగంట ప్రాణాయామము నేర్పించి, మా పనివారి క్షేమమును మేమెంతో చూచుచున్నామని ఫోటోలు వేయించుకొను యజమానులను చూచిన నాకు నవ్వు వచ్చును.

ఇవన్నియు చేసినను మనస్సు కుదుటపడనిచో వైద్యుని యొద్దకు పోవలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో బర్నౌట్ అను స్థితిని వర్ణించినది. నూనె యింకిపోయి వత్తి మాత్రము కాలుచున్న దీపమువంటి స్థితి యది. మిక్కిలి యలసట, పనిమీద విరక్తి, చేయు పనిలో సామర్థ్యము తగ్గుట దాని గుర్తులు. ఇది రోగము గాదు, పనివలన గలిగిన స్థితి యని వారు స్పష్టముగ వ్రాసిరి. కాని దానిని లెక్కచేయనిచో రోగమునకు దారితీయగలదు. మనస్సు బాగులేనప్పుడు సలహాకొరకు కేంద్రప్రభుత్వమువారు 2022 అక్టోబరులో టెలీ మానస్ అను ఫోను సహాయమును ప్రారంభించిరి. 14416 అను సంఖ్యకు పిలిచినచో తెలుగులో మాటలాడవచ్చును, రుసుము లేదు. మానసికవైద్యుని చూచినంతమాత్రమున పిచ్చివాడను ముద్ర వేయుట మన కుటుంబములలో నింకను పోలేదు. నేనును ఆ ముద్ర వేసినవారిలో నొకడనే.

స్త్రీల విషయము వేరుగ చెప్పవలెను. 2019లో కేంద్రగణాంకశాఖవారు చేసిన కాలవినియోగపు లెక్కలో, ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును అందుకు వెచ్చించుచున్నారని తేలినది. ఉద్యోగము చేయు కోడలు ఆఫీసునుండి వచ్చి వంటయింటిలో రెండవ యుద్యోగమున చేరుచున్నది. ఆమెకు ప్రాణాయామము నేర్పుటకంటె గిన్నెలు కడిగి పెట్టుట మేలు. మా యింటిలో నేనీ పని పింఛను వచ్చిన పిమ్మట మొదలుపెట్టితిని. ఆలస్యమైనదని నా భార్య యనుచున్నది.

పోషకమహాశయులకు నొక విన్నపము. ఈ సభలో వస్త్రదుకాణములు, మిల్లులు, కళాశాలలు గలవారున్నారు. తమ దాతృత్వమువలననే ఈ సంఘము నడచుచున్నది, అది నేను మరచినవాడను గాను. దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు 48 గంటలు అను మేరను అంతర్జాతీయ కార్మికసంస్థ 1919లోనే తన మొదటి యొడంబడికలో వ్రాసినది. నూరేండ్లు దాటినవి. మన వస్త్రదుకాణములలో పిల్లలు ఉదయము మొదలు రాత్రివరకు నిలుచుండియే చీరలు విప్పి చూపుచున్నారు. కొనువారు లేనప్పుడును కూర్చుండుటకు వీలులేదు. దుకాణములలో పనివారికి ఆసనము లుండవలెనని తమిళనాడులో 2021లో చట్టమునే సవరించిరి. కేరళమున అంతకుముందే చేసిరి. ఒక బల్ల వేయించుటకు తమరు చట్టముకొరకు వేచియుండ నక్కరలేదు. కళాశాలల యజమానులు ఫలితములు వచ్చు మాసమున ఉపన్యాసకులను రాత్రి పదింటికి ఫోనులో పిలుచుట మానినను చాలును.

ఇక సంఘమువారము. మన పత్రికలోని వధూవరుల పట్టికలో పేరు, చదువు, ఆ వెంటనే జీతము. ఆరోగ్య మెచ్చటను లేదు. ఉద్యోగము మానినవాని పేరు ఆ పట్టికనుండి తీసివేయుచున్నామని కార్యాలయములో విచారింపగా తెలిసినది. ఇట్లు చేయుచు మన యువకులు ప్రాణముమీదికి వచ్చువరకు ఉద్యోగమును ఏల విడువరని యాశ్చర్యపడుట తగదు. కావున ఆ పట్టికలో జీతపు గడిని తీసివేయవలెననియు, అనారోగ్యముచేత ఉద్యోగము విడిచినవారి కుటుంబమునకు ఆరు నెలలు తోడ్పడుటకు నొక నిధి నేర్పరుపవలెననియు ప్రతిపాదించుచున్నాను. ఆ నిధికి నా పింఛనులో నొక నెల మొత్తమును తెచ్చితిని. విద్యార్థివేతనముల నిధికి లోటు వచ్చునని కొందరు సభ్యులు నాతో ననిరి. లోటు రావచ్చును. రెండింటిలో దేనికెంత యన్నది సభవారు తేల్చవలసినదే.

నా శిష్యుడిప్పుడు విజయవాడలో నొక చిన్న కార్యాలయమున, వెనుకటి జీతములో సగమునకు, పగటివేళ పనిచేయుచున్నాడు. ఆరుగంటలకు ఇల్లు చేరుచున్నాడట. ఇంకను వివాహము కాలేదు. తీర్మానపు ప్రతిని కార్యదర్శిగారికి ఉదయముననే యిచ్చితిని. మధ్యాహ్నభోజనానంతరము అది చర్చకు వచ్చును. తమరందరును అప్పటివరకు ఉండవలసినదిగా కోరుచున్నాను.