నొప్పి లేకుండా పోవడం కూడా హక్కే
(కొండవీడులో చేసిన ప్రసంగ పాఠం)



కాన్సరు ముదిరిన మనిషిని 'ఇక ఇంటికి తీసుకుపొండి' అంటారు. ఆనాటి నుంచి పుండు కడగడం, రాత్రంతా మేలుకోవడం కోడలికో కూతురికో పడుతుంది. మిరప కోతల కూలి పోతుంది. ఆ చాకిరీకి మనం పెట్టిన పేరు సేవ.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు. నొప్పి ఒంటితో ఆగదనీ, మనసునీ కుటుంబాన్నీ తాకుతుందనీ ఆమె చెప్పింది. అది తెలిసిన నర్సు నొప్పెంతో రోగినే అడుగుతుంది. డాక్టరు రాసిన మార్ఫిన్ వేళకు అందేలా చూస్తుంది. పక్కనున్న కోడలిని 'నువ్వు తిన్నావామ్మా, కాస్త నిద్రపోయావా' అంటుంది.

2014 చట్ట సవరణతో మార్ఫిన్ లైసెన్సుల చిక్కు తగ్గింది. మందు ఊరిదాకా రావాలి. ఇంటికొచ్చే నర్సునూ, దగ్గర్లో మార్ఫిన్‌నూ, కనిపెట్టుకుని ఉండే స్త్రీకి పోయిన కూలినీ ప్రభుత్వాన్ని అడుగుదాం.