లెక్కల మాస్టారి పైచదువు

 

ఉద్యోగంలో ఉన్న లెక్కల మాస్టారు ఎం.ఎడ్. ఎందుకు చదవాలి? ప్రమోషన్ కోసం, జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్)లో లెక్చరర్ పోస్టు కోసం చదువుతారు. అందులో తప్పు లేదు. కానీ సోమవారం ఉదయం ఏడో తరగతిలోకి వెళ్లినప్పుడు అక్కరకు రాని చదువును గణిత విద్యలో పైచదువు అనడానికి నాకు మనసొప్పదు.

ఒక్క లెక్క చూడండి. 0.5, 0.125లలో ఏది పెద్దది? 0.125 అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. ఎర్రసిరాతో కొట్టేసి, 0.500 అని సున్నాలు చేర్పించి ముందుకు పోతాం. ఆ పిల్లవాడు 5 కంటే 125 పెద్దదని పూర్ణసంఖ్యల్లో నేర్చుకున్నదే ఇక్కడా వాడాడు. పైగా 3.50 అంటే మూడు రూపాయల యాభై పైసలని చెప్పాం. చుక్కకు అటొక సంఖ్య, ఇటొక సంఖ్య ఉన్నాయని వాడికి అక్కడే స్థిరపడిపోయి ఉండొచ్చు. 3.5కూ 3.50కీ తేడా ఏమిటని అడిగితే గుట్టు బయటపడుతుంది. ఏ ప్రశ్న వేయాలి, సంఖ్యారేఖ ఎప్పుడు గీయాలి అన్నది ఎమ్మెస్సీలో చెప్పరు. 1986లో అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ పరిశోధకుల దృష్టిని ఈ బోధనా విషయజ్ఞానం వైపే తిప్పాడు.

గణిత విద్యా పరిశోధకురాలు లీపింగ్ మా 1999లో తెచ్చిన పుస్తకాన్ని ఇక్కడ తలచుకోవాలి. ఆమె 23 మంది అమెరికా, 72 మంది చైనా ఉపాధ్యాయులను ఒకటీ ముప్పావును అరతో భాగించి, దానికి తగిన కథ లెక్క చెప్పమంది. చైనా వాళ్లందరూ సరిగ్గా భాగించారు, చాలామంది కథా చెప్పారు. అమెరికా వాళ్లలో భావం తప్పని కథ చెప్పింది ఒక్కరే. డిగ్రీలు మాత్రం అమెరికా వాళ్లవే పెద్దవి. చైనా ఉపాధ్యాయులు పాఠ్యపుస్తకాన్ని తోటివాళ్లతో కూర్చుని ఏళ్ల తరబడి తరచి చదివారు. మన ఎం.ఎడ్.లో లోపిస్తున్నది అదే. గణితం పట్ల విద్యార్థుల వైఖరి మీద ప్రశ్నావళి పంచి, శాతాలు కట్టి ముగించే డిసర్టేషన్ల వల్ల తరగతికి ఒరిగేది తక్కువ.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో ఎం.ఎడ్. రెండేళ్ల కోర్సయింది. అంతకాలం సెలవు ఎంతమందికి దొరుకుతుంది? ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ 2006లో ప్రారంభించిన ప్రాథమిక విద్య ఎం.ఏ.లో కొన్ని వారాలు అక్కడ తరగతులు ఉండేవి, మిగతాది ఉద్యోగంలో ఉంటూనే దూరవిద్యగా సాగేది. అలాంటి దారి మన దగ్గర గణితానికీ వేయొచ్చు.

విశ్వవిద్యాలయాల పెద్దలకు నా విన్నపం ఇది. వేసవి సెలవుల్లో తరగతులు పెట్టండి. మాస్టారు తన బడినే పరిశోధనాంశంగా తీసుకోనివ్వండి, తెలుగులో రాయనివ్వండి. పరీక్షకుల్లో బడిలో పాఠం చెప్పినవారు ఒకరైనా ఉండాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, అడ్మిషన్ దొరికేదాకా ఆగకండి. పిల్లల తప్పు జవాబులను తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసుకోండి. పక్క సెక్షన్ టీచరుతో కూర్చుని చర్చించండి. వచ్చే సభకు ఆ నోటుబుక్కులు తీసుకురండి.