ఠాణాలోని కాగితము – కోర్టులోని నకలు

మన పల్లెలలో పోలీసు కాగితము, కోర్టు కాగితము అనగానే జనులకు రెండు భావములు కలుగుచుండును. అది యింటికి వచ్చినచో భయము. అదే తమకు కావలసివచ్చినచో, దొరకదను నిరాశ. చిరకాలము ఒక చిన్న పట్టణపు కోర్టులో వకీలుగా నున్న నేను, ఈ రెండవ భావము ఎంత నష్టము కలిగించునో అనేక పర్యాయములు చూచితిని. వ్యాజ్యములో బలము లేక ఓడినవారికన్న, కాగితమును సకాలమున అడుగక ఓడినవారే నాకు ఎక్కువగా జ్ఞప్తికి వచ్చుచుందురు.

ఒక రైతు సంగతి చెప్పెదను. గట్టు తగాదాలో ఆయనకు వ్యతిరేకముగా తీర్పు వచ్చెను. తీర్పు నకలు తపాలాలో తనకు చేరునని ఆయన నమ్మెను. వేరుసెనగ పెరికించి, కాయలు అమ్ముకొని, 41వ దినమున నా యొద్దకు వచ్చి, "అయ్యా, కాగితము ఇంకను రాలేదు, అప్పీలు ఎప్పుడు వేయుదము?" అని యడిగెను. సివిలు దావాలో నకలు దానంతట అది వచ్చునది కాదు, అడిగి తెచ్చుకొనవలసినది. జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 దినములు. అది దాటిపోయినది. ఆలస్యమును మన్నింపుమని వేరొక అర్జీ వేసి, దానిపై వాదించుటతోనే సంవత్సరము గడచెను. అసలు గట్టు ఊసు ఆ యేడాది కోర్టులో ఎవరును ఎత్తలేదు.

క్రిమినల్ వ్యవహారములలో కాగితముల ప్రయాణము ఠాణాలో ఆరంభమగును గనుక ముందుగా అచ్చటి సంగతి చెప్పెదను. 2024 జూలై 1 నుండి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. దాని 173వ సెక్షను ప్రకారము, ఫిర్యాదు చేసినవానికిగాని, బాధితునికిగాని ఎఫ్.ఐ.ఆర్. నకలును వెంటనే, ఉచితముగా ఇయ్యవలెను. పూర్వపు చట్టములోను ఫిర్యాదికి ఈ హక్కు కలదు. "రైటరు లేడు, రేపు రమ్ము" అనుమాట ఆ చట్టములోను లేదు, ఈ చట్టములోను లేదు. ఫిర్యాదునే నమోదు చేయమన్నచో, దాని సారాంశమును వ్రాసి తపాలాలో జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు పంపవచ్చును. అచ్చటను ఫలింపనిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. తపాలా రసీదును మాత్రము పారవేయరాదు.

ముద్దాయికిని ఆ నకలు పొందు మార్గము కలదు. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ననుసరించి ఎఫ్.ఐ.ఆర్.ను సాధారణముగా 24 గంటలలో పోలీసు శాఖ వెబ్‌సైటులో ఉంచవలెను. లైంగిక నేరములు, ఉగ్రవాదము వంటి సున్నితమైన కేసులకు ఈ నియమము వర్తింపదు. ఛార్జిషీటు దాఖలై, ముద్దాయి హాజరైన పిదప 14 దినములకు మించకుండ, ఆ నివేదికయు, సాక్షుల వాంగ్మూలములును ముద్దాయికి ఉచితముగా ఇయ్యవలెను. వకీలును పెట్టుకొన్న బాధితునికిని ఇప్పుడు ఈ హక్కు కలదు. దర్యాప్తు ఏ దశలో నున్నదో 90 దినములలోపల ఫిర్యాదికిగాని, బాధితునికిగాని తెలుపవలసిన బాధ్యత పోలీసులపై నున్నది. కేసు డైరీ సంగతి వేరు; అది దర్యాప్తు అధికారి తనకొరకు వ్రాసికొనునది, ముద్దాయి కోరినను చూపరు. కేసును మూసివేయుచున్నామని పోలీసులు పంపు నోటీసును మాత్రము తేలికగా తీసికొనరాదు. దానిపై ఫిర్యాది తన ఆక్షేపణను మేజిస్ట్రేటు ఎదుట చెప్పుకొనవచ్చును. ఆ నోటీసును అటకమీద పడవేసి, రెండేండ్ల తరువాత "నా కేసు ఏమైనది?" అని వచ్చినవారిని నేనెరుగుదును.

ఇక నంబరు సంగతి. ఠాణాలో కేసునకు క్రైము నంబరు వేయుదురు. ఛార్జిషీటును కోర్టువారు స్వీకరించిన పిదప దానికి సి.సి. నంబరు వచ్చును, సెషన్సు కోర్టుకు పోయినచో మరియొక నంబరు. పాత నంబరు పట్టుకొని క్రొత్త గుమాస్తాను అడిగినచో, అట్టి కేసు లేదను సమాధానమే వచ్చును. అది ఆయన అబద్ధమాడుట కాదు, ఆయన రిజిస్టరులో ఆ నంబరు ఉండదు. ఇప్పుడు కోర్టులోని ప్రతి కేసునకు 16 అక్షరములు, అంకెలు కలసిన సి.ఎన్.ఆర్. నంబరు నిచ్చుచున్నారు. అది చేతనున్నచో వాయిదా యెప్పుడో ఈ-కోర్టుల వెబ్‌సైటులో, సెల్‌ఫోనులోనే చూచుకొనవచ్చును. 2016లో తెలంగాణలోను, 2022లో ఆంధ్రప్రదేశ్‌లోను జిల్లాలు మారినవి. కలెక్టరు కచేరి దగ్గరకు వచ్చినదని, పాత దావా కట్ట కూడ దానివెంట వచ్చినదనుకొనరాదు. తీర్పు చెప్పిన కోర్టులోనే మొదట విచారించుట మేలు.

నకలు కొరకు కోర్టులో వేయు అర్జీ పెద్ద వ్రాత కాదు. కేసు నంబరు, కక్షిదారుల పేర్లు, ఏ కాగితము, ఏ తేదీది అను వివరములు చాలును. కేసుతో సంబంధము లేనివారు మాత్రము, ఎందులకు కావలయునో తెలుపుచు అఫిడవిట్టు జతచేసి కోర్టు అనుమతి పొందవలెను. అర్జీ వేసిన పిదప రుసుము ఎంత కట్టవలెనో తెలుపుచు ఒక జాబితాను కోర్టు నోటీసు బోర్డుపై అంటింతురు. మనవారు చూడనిది ఆ బోర్డునే. నకలుపై కొన్ని తేదీలు వేసియుండును: అర్జీ వేసినది, రుసుము కోరినది, కట్టినది, నకలు సిద్ధమైనది, ఇచ్చినది. ఈ తేదీల ముద్ర అలంకారము కొరకు వేసినది కాదు. 1963 నాటి లిమిటేషన్ చట్టము 12వ సెక్షను ప్రకారము, నకలు పొందుటకు అవసరమైన కాలమును అప్పీలు గడువునుండి మినహాయింతురు.

ఒక లెక్క చూడుడు. ఆగస్టు 1న తీర్పు వచ్చినది. 11న అర్జీ వేసితిరి. కోరిన నాడే రుసుము కట్టితిరి. 31న నకలు సిద్ధమైనది. తీర్పు దినమును విడిచి, 2 నుండి 10 వరకు ఖర్చైనవి 9 దినములు మాత్రమే. తక్కిన 21 దినములు సెప్టెంబరు 1 నుండి మొదలగును గనుక, 21వ తేదీ వరకు అప్పీలు వేయవచ్చును. కాని రుసుము కట్టుటలో మీరు చేసిన జాగు మీ ఖాతాలోనే పడును. సిద్ధమైన నకలును తీసికొనకుండ విడిచిన దినములును అంతే. డిక్రీ ఇంకను తయారు కాలేదని అర్జీ వేయక ఊరకుండుటయు పొరపాటే. అర్జీకి ముందు డిక్రీ తయారగుటకు పట్టిన కాలమును ఆ సెక్షను మినహాయింపదు. పై రైతు పదవనాడో, ఇరువదవనాడో ఒక్క అర్జీ వేసియున్నచో ఆయనకు ఆ యేడాది మిగిలియుండెడిది.

సమాచార హక్కు చట్టము క్రింద అడుగవచ్చునా యని చాలమంది ప్రశ్నింతురు. మీ అర్జీపై ఠాణాలో ఏమి చర్య తీసికొనిరో అడుగవచ్చును. 30 దినములలో సమాధానమీయవలెను. దర్యాప్తునకు అడ్డువచ్చు సమాచారమును మాత్రము 8వ సెక్షను క్రింద నిరాకరింపవచ్చును. కోర్టు కట్టలోని కాగితములకు ఆ దారి పనికిరాదు. వానిని కోర్టు నిబంధనల ప్రకారమే కోరవలెనని, గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన వ్యాజ్యములో 2020లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పినది.

ఖర్చులకు వెరచి ఆగవలసిన పనిలేదు. స్త్రీలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు, ఆదాయము తక్కువగలవారు కోర్టులోని న్యాయసేవా సంస్థనుండి ఉచిత సహాయము పొందవచ్చును. 15100 అను నంబరునకు ఫోను చేసినను దారి చెప్పుదురు.

కడపట ఒక సంగతి. దావాలో దాఖలుచేసిన అసలు విక్రయ దస్తావేజులు అనేకము తీర్పు అనంతరము కోర్టులోనే పడియుండును. పాత రికార్డులను నియమిత కాలము తరువాత నాశనము చేయుటకు నిబంధనలు కలవు. దావా ముగిసి, అప్పీలు గడువు దాటిన పిదప ఒక అర్జీ వేసినచో, దాఖలుచేసినవానికే ఆ దస్తావేజును తిరిగి ఇచ్చివేయుదురు. రసీదుపై సంతకము పెట్టుటకు ముందు పుటలు లెక్కించి, వెనుక నున్న రిజిస్ట్రేషను ముద్రలు సరిగా నున్నవో లేదో చూచుకొనుడు.