వేలాడే స్తంభం దగ్గరే ఆగిపోతున్న చదువు

 

పర్యాటక, ఆతిథ్య కోర్సులను ఉన్నత వృత్తివిద్యలో ఎలా పెంపొందించాలన్నది మన చర్చాంశం. కోర్సులు తెరవడానికి దారి ఎప్పుడో పడింది. 2014లో యూజీసీ బి.వొకేషనల్ డిగ్రీని తెచ్చింది. ఏడాది చదివితే డిప్లొమా, రెండేళ్లకు అడ్వాన్స్‌డ్ డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ. ఇంట్లో ఇబ్బంది వచ్చి మధ్యలో మానేసినా పిల్లలు వట్టి చేతులతో వెళ్లరు. చట్రం మంచిదే. నా పేచీ అంతా అందులో మనం ఏం నింపుతున్నామన్న దానితోనే.

ఫ్రంట్ ఆఫీసు, హౌస్‌కీపింగ్, వంట, వడ్డన: ఈ నాలుగింటి మీదే మన ఆతిథ్య కోర్సులు నడుస్తున్నాయి. నమూనా స్టార్ హోటలు. బెషమెల్ సాసు నేర్పవద్దని నేననను, విదేశాల్లో ఉద్యోగానికి అది కావాలి. అయితే తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం రోజూ వేలమందికి వేడన్నం ఎలా పెడుతోంది? సరుకు ఎలా వస్తోంది, పంక్తి లేచి మరో పంక్తి కూర్చునేలోపు ఎవరేం చేస్తున్నారు? ఇంత పెద్ద వంటశాల మన గడపలో ఉండగా, నేను చూసిన సిలబస్‌లలో దాని ఊసే లేదు.

పుస్తకాల సంగతీ అంతే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ఏ మజిలీలో బస దొరుకుతుంది, అంగళ్లున్నాయా, నీటి వసతి ఎలాంటిది, దారి ఎక్కడ చెడ్డది, ఇవన్నీ రాసిపెట్టుకున్నాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ను తెలుగు శాఖవారు యాత్రాసాహిత్యంగా పాఠం చెబుతారు. పక్క గదిలోని టూరిజం శాఖకు మాత్రం అది అందలేదు. యాత్రికుడికి ఏం కావాలో అతని వైపు నుంచి చూడటం నేర్పడానికి ఇంతకన్నా మంచి వాచకం నాకు తెలియదు.

గైడ్ల సంగతి చూడాలంటే లేపాక్షి ఆలయానికి వెళ్లండి. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూపించడానికి ఒక్కరు కాకపోతే పదిమంది ముందుకొస్తారు. తలెత్తితే కనిపించే విజయనగర కాలపు చిత్రాల గురించి, పూర్తికాని కల్యాణ మండపం గురించి నాలుగు మాటలు చెప్పగలిగేవారు తక్కువ. తప్పు వాళ్లది కాదు, వాళ్లకు చెప్పినవాళ్లెవరు? ఆలయ వాస్తు, చిత్రకళ, స్థానిక చరిత్ర తెలుగులో నేర్పి, తర్వాత ఇంగ్లీషులోనో హిందీలోనో చెప్పించే గైడు డిప్లొమాను అనంతపురం ప్రాంతపు డిగ్రీ కాలేజీ నడపలేదా? నడపగలదు. స్టార్ హోటలు లేని ఊళ్లో టూరిజం కోర్సు ఎందుకని అడిగే ప్రిన్సిపాళ్లకు నా జవాబు లేపాక్షే.

ఇక పారిశ్రామిక శిక్షణ. ఇక్కడ కాస్త కటువుగా మాట్లాడతాను, క్షమించండి. నెలల తరబడి ఉల్లిపాయలు తరిగించి, ప్లేట్లు మోయించి, చివర సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టే పద్ధతికి శిక్షణ అని పేరు పెట్టుకున్నాం. విద్యార్థి అన్ని విభాగాలూ తిరిగాడో లేదో వెళ్లి చూసే అధ్యాపకుడు లేడు. వెళ్లాలన్నా ప్రయాణ భత్యం రాదు. అమ్మాయిలకు రాత్రి డ్యూటీ వేస్తే ఇంటికి బండి ఎవరు పంపాలన్నది హోటళ్లతో మన ఒప్పందంలో ఉండదు. తల్లిదండ్రులు ఈ చదువు వద్దంటున్నది పరువు కోసమే అనుకుంటాం కానీ, సగం కారణం ఇదే.

అధ్యాపకుల కొరతకు 2022లో యూజీసీ ఒక వెసులుబాటు ఇచ్చింది. పదిహేనేళ్ల అనుభవం ఉన్న వృత్తినిపుణులను డిగ్రీల పట్టింపు లేకుండా ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా తీసుకోవచ్చు. అయితే ఆ కుర్చీలో కార్పొరేట్ అధికారినే ఊహించుకుంటున్నాం. పెళ్లిళ్లకు వేలమందికి వండించిన వంటమేస్త్రి ఎవరికీ గుర్తు రావడం లేదు. ఆయన సరుకు అంచనా వేసే తీరు చూస్తే కాస్టింగ్ పాఠం చెప్పేవాళ్లం మనమే నోట్సు రాసుకుంటాం.

ఇందాక చెప్పిన పారిశ్రామిక శిక్షణను సరిదిద్దేందుకు లాగ్‌బుక్ ముసాయిదా మీ సంచుల్లో ఉంది. ఏ వారం ఏ విభాగంలో, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారు, మన అధ్యాపకుడు ఏ రోజు వెళ్లి చూశారు అన్న గడులున్నాయి. మార్పులుంటే మధ్యాహ్న భోజనంలోగా రాసి ఇవ్వండి. మొదటి పత్ర సమర్పకులను వేదిక మీదకు ఆహ్వానిస్తున్నాను.