పెద్దిల్లు అమ్మాలా?

పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడ్డాక మేడమీది గదులకు తాళాలు పడతాయి. చిన్న ఫ్లాట్‌కు మారాలా అన్న ప్రశ్న అప్పుడే వస్తుంది. నన్నడిగితే, ఓపిక ఉండగానే మారాలి. ఆసుపత్రి నుంచి వచ్చాక సామాను సర్దడం ఎవరి తరం? ముందు కొన్నాళ్లు ఫ్లాటు కొనదలచిన పేటలోనే అద్దెకుండి చూడండి. నీళ్లు, లిఫ్టు, మెయింటెనెన్సు సంగతులు బయటపడతాయి.

ఇక పన్ను. 2 ఏళ్లు దాటిన ఇల్లు అమ్మితే వచ్చేది దీర్ఘకాలిక మూలధన లాభం. అమ్మకానికి ఏడాది ముందుగానీ, తర్వాత 2 ఏళ్లలోగానీ మరో ఇల్లు కొంటే మినహాయింపు ఉంది, కొత్తింటి ఖరీదు మేరకే. లాభం 60 లక్షలు, ఫ్లాటు 45 లక్షలనుకోండి, మిగతా 15 లక్షల మీద పన్ను పడుతుంది. 6 నెలల్లోగా ఆ మొత్తాన్ని క్యాపిటల్ గెయిన్స్ బాండ్లలో పెడితే అదీ తప్పుతుంది. కాకపోతే 5 ఏళ్లపాటు ఆ డబ్బు చేతికి రాదు.